ఎనిమిది రెయాళ్ల బిళ్ల: ఒక వెండి నాణేనికి ఇన్ని పేర్లెందుకు?

ఫుట్‌బాల్ చూసేవాళ్లకు రియల్ మాడ్రిడ్ పేరు బాగా తెలుసు. అందులో 'రియల్' అంటే ఇంగ్లీషులో లాగా 'నిజమైన' అని చాలామంది అనుకుంటారు. అది కాదు. స్పానిష్‌లో ఆ మాటను 'రెయాల్' అంటారు, అర్థం 'రాజుగారిది'. 1920లో స్పెయిన్ రాజు పదమూడో అల్ఫోన్సో దాన్ని ఆ క్లబ్బుకు బిరుదుగా ఇచ్చాడు. అంతకు ఐదున్నర శతాబ్దాలకు పైగా ముందే అదే మాట ఒక చిన్న వెండి నాణేనికి పేరైంది. ఆ నాణెం తర్వాత ఎనిమిది రెట్లు పెరిగింది. మెక్సికోలో, పెరూలో పుట్టి, అట్లాంటిక్, పసిఫిక్ రెండూ దాటి, మచిలీపట్నం, మనీలా, కాంటన్ రేవుల దాకా చేతులు మారింది. వెళ్లిన ప్రతి చోటా కొత్త పేరు పెట్టించుకుంది. రెయాల్, పెసో, పీస్ ఆఫ్ ఎయిట్, డాలర్, పియాస్టర్, రియాల్, యువాన్, రింగ్గిట్: ఇవన్నీ ఏదో ఒక కాలంలో ఈ బిళ్లనే పిలిచిన మాటలు, లేదంటే దాని నీడలో పెరిగిన మాటలు.

ఈ పేర్ల జాబితాను కాస్త ఆగి చదివితే ఒక సంగతి కనబడుతుంది. పేరు పెట్టినవాడు నాణెం చేతిలోకి తీసుకుని మొదట దేన్ని చూశాడో, దేన్ని నమ్మాడో, అదే పేరుగా మిగిలింది. ఒకడు రాజును చూశాడు, ఒకడు తూకం వేశాడు, ఇంకొకడు అంచు తడిమి చూశాడు.

ముందు రాజు దగ్గరికే వెళ్దాం. లాటిన్‌లో రాజు 'రెక్స్', రాజుకు సంబంధించింది 'రెగాలిస్'. ఆ మాట స్పెయిన్ జనం నోళ్లలో నలిగి, మధ్యలో 'గ' జారిపోయి 'రెయాల్' అయింది. లాటిన్ రెక్స్, సంస్కృతం రాజన్ ఒకే మూలం నుంచి వచ్చిన మాటలని భాషాశాస్త్రం ఎప్పుడో తేల్చింది. మన వైపు కూడా ఇలాంటి నలుగుడే జరిగింది. ప్రాకృతంలో 'రాజ' మెత్తబడి 'రాయ' అయి తెలుగులోకి వచ్చింది. అంటే కృష్ణదేవరాయల 'రాయలు'కూ స్పెయిన్ 'రెయాల్'కూ దూరపు చుట్టరికం ఉంది. హైదరాబాదు చుట్టుపక్కల రోజూ వినబడే 'రియల్ ఎస్టేట్'కు మాత్రం లేదు. అక్కడి రియల్ 'వస్తువు' అనే అర్థమున్న లాటిన్ మాట 'రెస్' నుంచి వచ్చింది. భూములన్నీ రాజులవి కాబట్టి రియల్ ఎస్టేట్ అన్నారని చెప్పే కథ వినడానికి బాగుంటుంది, అంతే.

రెయాల్ అనే నాణేన్ని మొదట వేయించింది ఇప్పటి స్పెయిన్‌లో భాగమైన కాస్టీల్ రాజ్యపు రాజు మొదటి పెద్రో, 14వ శతాబ్దం నడిమిలో. అప్పట్లో దాని విలువ మూడు మరవేదులు. ఈ మరవేది కథ కూడా తమాషాగానే ఉంటుంది. మొరాకో నుంచి వచ్చి దక్షిణ స్పెయిన్‌ను ఏలిన ముస్లిం వంశం అల్ మురాబితూన్. వాళ్ల బంగారు దీనారు మంచి పేరున్న నాణెం. ఆ వంశం పేరే అరిగి మరవేది అయింది. ఆ ముస్లిం రాజ్యాలతో తరాల తరబడి యుద్ధాలు చేసిన క్రైస్తవ రాజులు ఖజానా లెక్కలు మాత్రం ఆ పేరుతోనే రాసుకున్నారు. డబ్బు విషయంలో మతం పట్టింపు అప్పుడూ అంతంత మాత్రమే.

కాలం గడిచేకొద్దీ మరవేదిలో లోహం తరిగిపోయి అది కేవలం లెక్కల మాటగా మిగిలింది. 1497లో స్పెయిన్‌ను ఏలిన ఫెర్డినాండ్, ఇసబెల్లా దంపతులు మెదీనా దెల్ కాంపో అనే ఊళ్లో నాణేల చట్టం ప్రకటించారు. దాని ప్రకారం ఒక రెయాల్‌కు 34 మరవేదులు. సుమారు 230 గ్రాములుండే ఒక 'మార్క్' వెండితో 67 రెయాళ్లు కొట్టాలి, అందులో 93 శాతం శుద్ధమైన వెండి ఉండాలి. లెక్క వేస్తే ఒక్కో రెయాల్ మూడున్నర గ్రాముల లోపే తూగుతుంది. చాలా చిన్న నాణెం. సంతలో కూరగాయలకు సరిపోతుంది కానీ ఓడ నిండా మిరియాలు కొనాలంటే మూటలు మూటలు లెక్కపెట్టుకోవాలి.

అందుకే రెట్టింపు నాణేలు వచ్చాయి: రెండు రెయాళ్లది, నాలుగుది, చివరికి ఎనిమిదిది. ఎనిమిది రెయాళ్ల నాణేన్ని స్పానిష్‌లో 'రెయాల్ దె ఆ ఓచో' అన్నారు. 'ఓచో' అంటే ఎనిమిది. 'ఎనిమిదేసి చొప్పున కట్టిన రెయాల్' అన్న ధోరణిలో ఉంటుంది ఆ మాట. బరువు 27 గ్రాముల పైచిలుకు. మన పాత వెండి రూపాయి సుమారు 11.66 గ్రాములు కాబట్టి, ఒక్క స్పెయిన్ బిళ్ల రెండు రూపాయలను దాటి ఇంకాస్త తూగేది.

ఇంగ్లీషువాళ్లు దాన్ని 'పీస్ ఆఫ్ ఎయిట్' అన్నారు. సముద్రపు దొంగల కథల్లో తరచూ వినబడే పేరు ఇదే, ఎక్కువగా అపార్థమయ్యేదీ ఇదే. 'ఎనిమిదింట ఒక ముక్క' అని కొందరు, 'ఎనిమిది ముక్కలుగా కోసేవాళ్లు కాబట్టి ఆ పేరు' అని ఇంకొందరు అనుకుంటారు. అసలు సంగతేమిటంటే పాత ఇంగ్లీషులో 'పీస్' అంటే నాణెం అనే అర్థం కూడా ఉంది. కాబట్టి దాన్ని తెలుగులో చెప్పాలంటే 'ఎనిమిది రెయాళ్ల బిళ్ల' అనాలి. ఆ పేరు వచ్చింది ముక్కల వల్ల కాదు, విలువ వల్ల.

నాణేన్ని కోసిన మాట మాత్రం నిజమే. చిల్లర దొరకని చోట, ముఖ్యంగా అమెరికా ఖండంలో, పెద్ద బిళ్లను ఉలితో సగానికి, పావుకు, ఎనిమిదో వంతుకు నరికి వాడుకున్నారు. అక్కడి ఇంగ్లీషువాళ్లు ఒక్కో ఎనిమిదో వంతును 'బిట్' అన్నారు. అమెరికాలో పావు డాలర్‌ను నేటికీ సరదాగా 'టూ బిట్స్' అనడం అక్కడి నుంచి వచ్చిందే. కంప్యూటర్ బిట్‌కూ దీనికీ సంబంధం లేదు, అది వేరే రెండు ఇంగ్లీషు మాటలను అతికించి చేసినది.

పది కాకుండా ఎనిమిదే ఎందుకు? అణాల లెక్కలు విన్న ఇళ్లలో దీనికి జవాబు చెప్పక్కర్లేదు. రూపాయిని సగం చేస్తే అర్ధరూపాయి, ఇంకో సగం చేస్తే పావలా, మళ్లీ సగం చేస్తే బేడ. బేడ అంటే రెండణాలు, రూపాయిలో ఎనిమిదో వంతు. ఎనిమిది రెయాళ్ల బిళ్లకు రెయాల్ ఏమవుతుందో, రూపాయికి బేడ సరిగ్గా అదే. అమెరికన్ల 'టూ బిట్స్' మన పావలా. త్రాసు ముందు కూర్చున్నవాడికి సగం చేయడం తేలిక, పదో వంతు తీయడం తలనొప్పి. ఈ సగాల అలవాటు ఎంత మొండిదంటే, న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజిలో షేర్ల ధరలను డాలర్‌లో ఎనిమిదో వంతుల్లో చెప్పే పద్ధతి రెండు శతాబ్దాలు నడిచింది. 1997లో పదహారో వంతులకు మారి, 2001లో గానీ పూర్తిగా దశాంశాల్లోకి రాలేదు.

ఇక 'పెసో'. అన్నిటిలోకీ నిజాయితీ ఉన్న పేరు ఇదేననిపిస్తుంది. పెసో అంటే బరువు, తూకం. లాటిన్‌లో 'పెందెరె' అంటే వేలాడదీయడం, దాంతోపాటు తూచడం. త్రాసు పళ్లాలు వేలాడతాయి కాబట్టి రెండర్థాలూ ఒక్క మాటలో కలిసిపోయాయి. మన 'తూగు' కూడా అంతే. ఉయ్యాల తూగుతుంది, బెల్లం దిమ్మా తూగుతుంది, దాని నుంచే తూకం వచ్చింది. లాటిన్‌లో తూచి ఇవ్వడమే చెల్లించడం కాబట్టి, చెల్లింపును 'పెన్సియో' అన్నారు. ప్రతి నెలా ఒకటో తారీఖున మన పెద్దవాళ్లు ఎదురుచూసే పెన్షన్ పుట్టింది అక్కడే.

స్పెయిన్ సైన్యం మెక్సికోను గెలిచిన కొత్తలో అక్కడ నాణేల్లేవు. దోచిన బంగారం ఉంది, కరిగించిన ముద్దలున్నాయి, త్రాసులున్నాయి. కొనడం, అమ్మడం, జీతం ఇవ్వడం అన్నీ తూకంతోనే. 'ఇన్ని పెసోల బంగారం' అంటే ఇన్ని తూకాల బంగారం అని. 1535లో మెక్సికో నగరంలో టంకశాల పెట్టమని రాజాజ్ఞ వచ్చింది, మరుసటి ఏడు నాణేలు మొదలయ్యాయి. కానీ జనం నోట అప్పటికే పెసో స్థిరపడింది. ఎనిమిది రెయాళ్లు, అంటే ఎనిమిది ముప్పైనాలుగులు 272 మరవేదులు, వెండి పెసోకు లెక్క అయ్యాయి. లెక్కల పుస్తకంలోని ఆ పెసోకు సరిగ్గా సరిపోయే నాణెం ఎనిమిది రెయాళ్ల బిళ్లే కాబట్టి, తూకం పేరు నాణేనికి అంటుకుంది. మన దగ్గర ఇది ఎదురు దిశలో నడిచింది. ఇక్కడ నాణెమే తూకం రాయి అయింది. 'రూపాయి ఎత్తు', 'కాసు ఎత్తు' అని కంసాలి దగ్గర చెప్పిన మాటలు అలాంటివే. తూకం నాణెమైనా, నాణెం తూకమైనా, రెండిట్లోనూ నమ్మకం వెండి మీదే, దాని మీది బొమ్మ మీద కాదు.

ఆ వెండి ఎక్కడిది? మొదట్లో ఎక్కువ భాగం పొతోసీ కొండది, తర్వాత మెక్సికో గనులది. పొతోసీ ఇప్పటి బొలీవియాలో, నాలుగు వేల మీటర్ల ఎత్తున ఉంది, అప్పట్లో అది పెరూ కిందే ఉండేది. 1545లో అక్కడ వెండి బయటపడింది. పెరూలోనే వాంకవెలికా అనే చోట పాదరసం దొరకడంతో, నాసి రకం ఖనిజం నుంచి కూడా వెండి తీయగలిగారు. మనుషుల సంగతి వేరు. 1570లలో వైస్రాయి ఫ్రాన్సిస్కో దె తొలేదో 'మితా' అనే వెట్టి పద్ధతిని కట్టుదిట్టం చేశాడు. దాని కింద ఆండీస్ గ్రామాల నుంచి ఏటా సుమారు 13,000 మంది మగవాళ్లను గనులకు తోలారు. స్పానిష్‌లో ఇప్పటికీ చాలా విలువైనదాన్ని 'ఒక పొతోసీ చేస్తుంది' అంటారు. ఆ సామెత వాడేవాళ్లలో ఎందరికి ఆ ఊళ్లు గుర్తుకొస్తాయో.

పొతోసీలో కొట్టిన నాణేలు చూడ్డానికి ఏమాత్రం అందంగా ఉండవు. వెండి కడ్డీ నుంచి బిళ్లలు నరికేవారు, తూకం సరిపోయేదాకా అంచులు కత్తిరించేవారు, రెండు అచ్చుల మధ్య పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ. ఒకటి గుండ్రంగా ఉంటే ఇంకొకటి అరటికాయ చెక్కలా ఉంటుంది. రాజు పేరు సగం నాణెం బయటే ఉండిపోయేది. స్పానిష్‌లో ఇలాంటి మొరటు నాణేలకు 'మకుకీనా' అని పేరు. వీటిని తీసుకున్నవాడు అక్షరాలు చదివి నమ్మే అవకాశమే లేదు, తూచుకోవాల్సిందే. పెసో అనే పేరు ఊరికే నిలబడలేదు.

తూకం ఒక్కటే చూసుకుంటే సరిపోదని 1649లో తెలిసొచ్చింది. పొతోసీ టంకశాలలో ఏళ్ల తరబడి వెండిలో రాగి ఎక్కువ కలుపుతున్నారని విచారణలో బయటపడింది. ఫ్రాన్సిస్కో గోమెస్ దె లా రోచా అనే సంపన్న వెండి వ్యాపారికి 1650లో మరణశిక్ష వేశారు. అప్పటికే లక్షల నాణేలు సముద్రాలు దాటాయి. యూరప్ రేవుల్లో పెరూ నాణెం అంటే ముఖం చిట్లించుకునే పరిస్థితి వచ్చింది. పాత బొమ్మ మీద నమ్మకం పోయింది కాబట్టి 1652 నుంచి బొమ్మే మార్చేశారు. కొత్త నాణేల మీద రెండు స్తంభాలు, వాటి కింద సముద్రపు అలలు.

ఆ స్తంభాలు గ్రీకు పురాణ వీరుడు హెర్క్యులిస్‌వి. మధ్యధరా సముద్రం అట్లాంటిక్‌లో కలిసే జిబ్రాల్టర్ దగ్గర హెర్క్యులిస్ రెండు స్తంభాలు పాతాడని, అక్కడితో ప్రపంచం హద్దు అని పాత నమ్మకం. కొలంబస్ ఆ హద్దు దాటాక, ఐదో చార్లెస్ చక్రవర్తి 'ప్లుస్ ఉల్త్రా', అంటే 'ఇంకా ఆవలికి' అన్న మాటను తన నినాదం చేసుకున్నాడు. మెక్సికో తొలి నాణేల మీద కూడా ఈ స్తంభాలున్నాయి. వీటిలో అందమైనవి 1732 నుంచి 1772 దాకా యంత్రం మీద కొట్టినవి. రెండు స్తంభాల నడుమ కిరీటం కింద రెండు భూగోళాలు, చుట్టూ 'రెండూ ఒక్కటే' అనే అర్థంలో లాటిన్ మాటలు. పాత ప్రపంచం, కొత్త ప్రపంచం రెండూ ఒకే రాజువని చెప్పడం. స్పానిష్‌లో దీన్ని 'కొలుమ్నారియో' అన్నారు, స్తంభాలది అని. స్తంభాలంటే ఏమిటో తెలియని అరబ్బు వర్తకులకు అవి ఫిరంగి గొట్టాల్లా కనిపించాయి. వాళ్లు దీన్ని 'ఫిరంగుల తండ్రి' అని పిలిచారు. హెర్క్యులిస్ ఎక్కడ, ఫిరంగి ఎక్కడ! కానీ ఆ వెండి వెనక ఉన్న బలం సంగతి తలచుకుంటే, అరబ్బులు చదివిందే సరైన అర్థమేమో.

రాజుగారి పేరు కూడా అరబ్బు దేశాల్లో బతికింది. రెయాల్ అక్కడ 'రియాల్' అయింది. ఇరాన్, సౌదీ అరేబియా, యెమెన్, ఒమన్, ఖతార్ డబ్బుకు ఇప్పటికీ అదే పేరు. కరీంనగర్ నుంచో, కోనసీమ నుంచో గల్ఫ్ వెళ్లినవాళ్లు ఇంటికి పంపే రియాళ్ల వెనక ఓ స్పెయిన్ రాజు మాట ఉంది. మొదటి పెద్రో చనిపోయి ఆరున్నర శతాబ్దాలు దాటింది.

డాలర్ అన్న మాటకు మాత్రం స్పెయిన్‌తో రక్తసంబంధం లేదు. ఇప్పటి చెక్ దేశంలో యాహిమోవ్ అనే గనుల ఊరుంది. జర్మన్‌లో దాని పేరు యోఆకిమ్స్‌టాల్, యోఆకిమ్ అనే సెయింట్ పేరున్న లోయ. 'టాల్' అంటే లోయ. 1520 ప్రాంతంలో అక్కడి ష్లిక్ వంశపు జమీందార్లు తమ గనుల వెండితో పెద్ద నాణేలు కొట్టించారు. 'యోఆకిమ్స్‌టాలర్' అనే పొడుగు పేరును జనం తోక పట్టుకుని 'టాలర్' చేసుకున్నారు. 'లోయది' అని అర్థం. గద్వాల చీరను 'ఒక గద్వాల్ తీసుకున్నా' అన్నట్టే ఇది, కాకపోతే ఇక్కడ ఊరి పేరు కూడా పూర్తిగా మిగలలేదు. డచ్‌వాళ్ల నోట అది 'డాల్డర్', ఇంగ్లీషువాళ్ల నోట 'డాలర్' అయింది. స్పెయిన్ ఎనిమిది రెయాళ్ల బిళ్ల కూడా సుమారు అంతే సైజు కాబట్టి దాన్ని 'స్పానిష్ డాలర్' అన్నారు. చెక్ దేశపు లోయ పేరు అమెరికా వెండికి అతికింది.

ఉత్తర అమెరికాలోని ఇంగ్లీషు వలసల్లో బ్రిటన్ నాణేలు ఎప్పుడూ కొరతే. చేతిలో ఆడేది ఈ స్పానిష్ డాలరే. అందుకే స్వతంత్రం వచ్చాక 1785లో అక్కడి కాంగ్రెస్ పౌండ్‌ను వదిలి డాలర్‌ను ఎంచుకుంది. 1792 చట్టం అమెరికా డాలర్ విలువను అప్పట్లో చలామణిలో ఉన్న స్పెయిన్ డాలర్‌తో సమానమని రాసింది. స్పెయిన్ బిళ్ల అమెరికాలో చట్టబద్ధంగా చెల్లడం ఆగిపోయింది 1857లో. డాలర్ గుర్తు కూడా బహుశా పెసోదే. లెక్కల పుస్తకాల్లో పెసోలను 'పి' రాసి పైన చిన్న 'ఎస్' పెట్టి గుర్తించేవారు. తొందరగా రాసే చేతుల్లో ఆ రెండూ ఒకదాని మీదికి ఒకటి ఎక్కి, ఎస్ మీద నిలువు గీతగా మారిందని గణిత చరిత్రకారుడు ఫ్లోరియన్ కజోరి పాత కాగితాలు తిరగేసి చూపించాడు. స్తంభానికి చుట్టిన రిబ్బను నుంచి వచ్చిందన్న కథ ఇంకా అందంగా ఉంటుంది. కాగితాలు మాత్రం కజోరి వైపే ఉన్నాయి.

తూర్పున పేర్లు వేరే దారి పట్టాయి. 1565 నుంచి 1815 దాకా ఏటా మెక్సికోలోని అకపుల్కో నుంచి మనీలాకు వెండి ఓడలు నడిచాయి. ఆ వెండిలో చాలా భాగం పట్టు, పింగాణీల కోసం చైనాకు చేరింది. చైనాలో వెండిని ముద్దలుగా తూచి వాడే అలవాటు. అక్కడ యంత్రం మీద సమంగా, గుండ్రంగా కొట్టిన ఈ బిళ్ల కొత్తగా కనిపించింది. దాన్ని 'గుండ్రనిది' అనే అర్థంలో పిలిచారు. యువాన్ అంటే అదే. జపాన్ యెన్, కొరియా వాన్ కూడా ఆ గుండ్రని అక్షరం నుంచి వచ్చిన మాటలే. మలయా వైపు వర్తకులు అంచు తడిమి చూశారు. యంత్రం మీద కొట్టిన నాణేలకు దొంగచాటుగా గీకకుండా అంచున నొక్కులు పెట్టేవారు. మలయ్ భాషలో 'రింగ్గిట్' అంటే నొక్కులున్నది, పళ్లున్నది అని. మలేసియా డబ్బు పేరు నేటికీ అదే. ఇటలీవాళ్లు 'పియాస్త్రా' అన్నారు, అంటే పలచని రేకు. ఫ్రెంచివాళ్ల ద్వారా ఆ మాట పియాస్టర్‌గా ఇండోచైనా దాకా పోయింది. స్పానిష్‌లో వెండిని పిలిచే 'ప్లాతా' కూడా మొదట రేకు అనే అర్థమున్న మాటే. లాటిన్ అమెరికాలో ఇప్పుడు ప్లాతా అంటే డబ్బు. స్పెయిన్‌లో జనం ఈ బిళ్లను 'దూరో' అన్నారు, గట్టిది అని.

చైనా వర్తకులు ఎంత గుండ్రంగా ఉన్నా ఊరికే నమ్మలేదు. పరీక్షించిన ప్రతి నాణెం మీదా తమ గుర్తు చిన్న ఉలితో కొట్టేవారు. చాలా చేతులు మారిన బిళ్ల మీద రాజు ముఖం కనబడకుండా గుర్తులే మిగిలేవి. ఈ పరీక్ష చేసేవాళ్లను చైనా రేవుల్లోని ఇంగ్లీషువాళ్లు 'ష్రాఫ్' అన్నారు. అది మన షరాబే, అరబిక్ 'సర్రాఫ్' నుంచి ఇండియా మీదుగా వెళ్లిన మాట. హాంకాంగ్‌లో కారు పార్కింగ్ డబ్బు కట్టే కిటికీ మీద ఇప్పటికీ ష్రాఫ్ అనే బోర్డు కనబడుతుంది.

మన తీరానికి ఈ బిళ్ల ఎలా వచ్చిందో చూస్తే, పేరుకున్న బలం అర్థమవుతుంది. 1600లో ఈస్టిండియా కంపెనీ పెట్టినప్పుడు, మొదటి ప్రయాణానికి ఎలిజబెత్ రాణి తన ముద్రతోనే వెండి నాణేలు కొట్టించింది. తూకాలు మాత్రం స్పెయిన్ ఎనిమిది, నాలుగు, రెండు, ఒక రెయాళ్లకు సరిపోయేలా పెట్టారు. తూకం అదే అయినా ఆసియా వర్తకులు ఆ కొత్త ముఖాన్ని ఇష్టపడలేదు, స్పెయిన్ బిళ్లే అడిగారు. శత్రు దేశపు నాణెం మోసుకెళ్లక తప్పలేదు. 1611లో మచిలీపట్నంలో కంపెనీ కోఠీ పెట్టింది. డచ్చివాళ్లు అంతకు కొన్నేళ్ల ముందే వచ్చారు. కలంకారీ బట్టలు కొనడానికి రెండు కంపెనీలూ ఓడల్లో దింపింది ముఖ్యంగా వెండే. అయితే ఇక్కడ చెల్లేది బంగారు వరహా. కాబట్టి రెయాళ్లు మన సంతల్లో తిరిగింది తక్కువ, షరాబుల దగ్గర మారి మూసల్లో కరిగింది ఎక్కువ.

కరగకుండా మిగిలిన గుర్తు ఒకటుంది. 1807 నుంచి మద్రాసు టంకశాల వెండితో అర వరహా, పావు వరహా నాణేలు కొట్టింది. ఒక వైపు గుడి గోపురం, నక్షత్రాలు. ఇంకో వైపు దేవుడి బొమ్మ, చుట్టూ తమిళ, తెలుగు అక్షరాలు. కొన్ని అర వరహాలను కొత్త బిళ్లలతో చేయలేదు, స్పెయిన్ నాణేలనే సరిచేసి పైన కొట్టేశారు. జాగ్రత్తగా చూస్తే తెలుగు అక్షరాల కింద స్పెయిన్ రాజు పేరు తాలూకు లాటిన్ అక్షరాలు అక్కడక్కడా తొంగిచూస్తాయి. ఒక రాజును చెరపడానికి గోపురం వేశారు, పూర్తిగా చెరగలేదు.

అదే మద్రాసు నుంచి 1812లో సమరంగ్ అనే ఓడ 40,000 స్పానిష్ డాలర్లతో సిడ్నీ చేరింది. అక్కడి గవర్నర్ లాక్లన్ మెక్వారీకి ఒక భయం ఉంది. రేవుకొచ్చిన ఓడలవాళ్లు సరుకు అమ్మి ఆ వెండి అంతా పట్టుకుపోతారని. దానికి ఆయన కనిపెట్టిన ఉపాయం నాణేనికి బెజ్జం పెట్టడం. దొంగ నాణేల కేసులో శిక్ష పడి వచ్చిన విలియం హెన్షాల్‌తోనే ఆ పని చేయించాడు. బయటి గాజుకు 5 షిల్లింగులు, లోపలి బిళ్లకు 15 పెన్నీలు అని రేటు కట్టారు. ఆస్ట్రేలియా వలసలో కొట్టిన మొదటి నాణేలు ఇవే. జనం దాన్ని 'బెజ్జం డాలర్' అన్నారు. బరువును నమ్మి పెట్టిన పేరున్న నాణేనికి లేని భాగం వల్ల ఇంకో పేరొచ్చింది.

ఇంతకాలం నమ్మిన ఆ బరువు, స్వచ్ఛత అలాగే ఉన్నాయా? లేవు. 1728లో స్పెయిన్ వెండి శాతం బహిరంగంగానే కొంచెం తగ్గించింది. 1772లో రాజు ముఖంతో కొత్త నాణేలు తెచ్చినప్పుడు ఎవరికీ చెప్పకుండా ఇంకాస్త తగ్గించి 90 శాతానికి దించింది. అయినా చైనావాళ్లు కార్లోస్ రాజుల ముఖమున్న ఆ బిళ్లకే అలవాటు పడిపోయారు. 1821లో మెక్సికో స్వతంత్రమై, గద్ద బొమ్మతో దాదాపు అంతే వెండి ఉన్న నాణేలు కొట్టింది. చైనాలో చాలాకాలం దాన్ని అనుమానంగానే చూశారు. 1850ల దాకా పాత కార్లోస్ బిళ్లకు దానిలో ఉన్న వెండి కంటే ఎక్కువ ధర పలికింది. తూకం తప్ప దేన్నీ నమ్మని మార్కెట్ చివరికి ఒక చచ్చిపోయిన రాజు ముఖాన్ని నమ్మింది. ఎనిమిది రెయాళ్ల చరిత్రలో ఇంతకంటే వింత మలుపు లేదు.

స్పెయిన్‌లో పరిస్థితి ఇంకో రకంగా ఉంది. ఇంట్లో రెయాల్ ఎన్నోసార్లు తేలికైంది. 18వ శతాబ్దంలో వెండి, రాగి కలిసిన చిల్లర రెయాళ్ల లెక్కలో ఒక 'ఎనిమిది రెయాళ్ల' బిళ్లకు 20 రెయాళ్లు వచ్చేవి. పేరులో ఎనిమిది, చేతికి ఇరవై. 1868లో పెసెతా అనే కొత్త డబ్బు వచ్చాక ఐదు పెసెతాల బిళ్లను జనం పాత అలవాటుతో దూరో అన్నారు. అందులో ఇరవయ్యో వంతు, అంటే పావు పెసెతా, వాళ్లకు రెయాల్‌గానే ఉండిపోయింది. అలా ఒకప్పుడు బేడ లెక్కలో ఉన్న నాణెం చివరికి పావలా అయింది. చేతిలో చిల్లిగవ్వ లేదనడానికి 'ఒక్క రెయాల్ కూడా లేదు' అనే మాట స్పానిష్‌లో ఇంకా వినబడుతుంది. పెసెతా 2002లోనే పోయింది. మన పావలా బిళ్ల కూడా 2011 జూన్ 30 తర్వాత చెల్లలేదు. డ్వాక్రా సంఘాల్లో మాత్రం నూటికి నెలకు పాతిక పైసల లెక్కను ఇప్పటికీ 'పావలా వడ్డీ' అనే అంటారు.